నోటితో రాసిన పరీక్ష: ల్యూవెన్‌లో నా మొదటి జనవరి

మన దగ్గర ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి వైవా అంటే తెలిసిందే. ల్యాబ్ రికార్డు చేత్తో పట్టుకుని నిలబడతాం, ఎక్స్‌టర్నల్ ఒకటో రెండో ప్రశ్నలు అడుగుతారు, "సరే, వెళ్ళు" అంటారు. అసలు పరీక్షంటే మూడు గంటలు కూర్చుని అడిషనల్ షీట్లు తీసుకుంటూ రాసేదే. ఆ అలవాటుతోనే బెల్జియంలోని కె.యు. ల్యూవెన్‌కి మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేయడానికి వెళ్ళాను. మొదటి సెమిస్టర్ టైమ్‌టేబుల్ వచ్చింది. తెరిచి చూస్తే సగానికి పైగా సబ్జెక్టుల పక్కన "ఓరల్" అని ఉంది. కొన్నింటికి రిపోర్టో ప్రాజెక్టో తోడుంది కానీ మిడ్స్ లేవు, అటెండెన్స్ మార్కులు లేవు. మిగతా మార్కులన్నీ జనవరిలో ప్రొఫెసర్ ఎదురుగా కూర్చునే ఆ కాసేపట్లోనే.

ఊరి గురించి కాస్త చెప్పాలి. ల్యూవెన్ బ్రస్సెల్స్ పక్కనే ఉన్న చిన్న నగరం. యూనివర్సిటీకి ఇక్కడ ప్రహరీగోడ, మెయిన్ గేటు లాంటివి లేవు. పాత మార్కెట్ వీధిలో ఒక తలుపు తీస్తే లెక్చర్ హాలు ఉంటుంది, పక్క తలుపు తీస్తే బార్. విద్యార్థులు అద్దెకుండే గదిని "కొట్" అంటారు. శుక్రవారం మధ్యాహ్నమైతే ఫ్లెమిష్ పిల్లలంతా, అంటే ఈ డచ్ మాట్లాడే ప్రాంతం వాళ్ళు, ట్రాలీ సూట్‌కేసులు లాక్కుంటూ స్టేషన్ దారి పడతారు. వారం వారం ఇంటికి వెళ్ళి అమ్మచేత బట్టలు ఉతికించుకుని ఆదివారం రాత్రికి తిరిగొస్తారు. శని, ఆదివారాల్లో మా కొట్‌లో మిగిలేది విదేశీయులమే.

ఇంజినీరింగ్ వాళ్ళ క్లాసులు ఊరికి కాస్త ఎడంగా హెవర్లీలో, ఆరెన్‌బర్గ్ కోట చుట్టూ జరుగుతాయి. నిజంగా కోటే! ఒకప్పుడు డ్యూకులు ఉన్న చోటు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత యూనివర్సిటీ చేతికి వచ్చింది. రోజూ దాని పక్కనుంచే సైకిల్ తొక్కుకుంటూ క్లాసుకి వెళ్ళేదాన్ని. మొదటి వారం ఫోటోలు తీశాను, తరువాత పట్టించుకోవడం మానేశాను.

"క్యాథలిక్ యూనివర్సిటీ అంటున్నావు, రోజూ ప్రార్థన చేయిస్తారా?" అని ఇంటి నుంచి చాలాసార్లు అడిగారు. నా మతం ఏమిటని నన్ను ఎవరూ అడగలేదు. ఈ యూనివర్సిటీ 1425లో ఐదవ మార్టిన్ పోప్ అనుమతితో మొదలైంది. నేను చేరిన కొత్తలోనే, 2024 సెప్టెంబరు 27న, ఆరువందల ఏళ్ళ సందర్భంగా పోప్ ఫ్రాన్సిస్ స్వయంగా వచ్చారు. ఊరంతా పోలీసులు, దారులు బంద్. నాకు ఆశ్చర్యం వేసింది పోప్ రావడం కాదు, స్వాగతం చెబుతూ రెక్టర్ (యూనివర్సిటీ అధిపతి) మాట్లాడిన తీరు. చర్చిలో స్త్రీలకి ఇంకా పెద్ద స్థానం ఎందుకు ఉండకూడదని పోప్ ముందే అడిగారు. మన వైపు ముఖ్య అతిథిని స్టేజి మీద అలా ప్రశ్నించడం ఊహించగలమా? జనవరిలో నాకెదురు కాబోయేది కూడా ఇలాంటి పద్ధతే అని అప్పట్లో తట్టలేదు. ఎంత పెద్దవాళ్ళ దగ్గరైనా సరే, మర్యాదగా కూర్చుని "ఎందుకు?" అని అడగొచ్చు.

మత సంబంధమైన చదువు అసలు లేదని కాదు. చాలా బ్యాచిలర్స్ కోర్సుల పిల్లలకి మతం, జీవితానికి అర్థం, జీవన దృక్పథం అనే సబ్జెక్టు తప్పనిసరి. మా మాస్టర్స్‌లో లేదు. కానీ ఈ చోటి చరిత్రలో మతమూ సైన్సూ కలిసే కనిపిస్తాయి. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసి, తరువాత బిగ్ బ్యాంగ్‌కి దారి వేసిన జార్జ్ లమేత్ర్ ఇక్కడి ప్రొఫెసరే, పైగా క్యాథలిక్ ఫాదర్. మనకి ఇంకా దగ్గరి మనిషి కామిల్ బుల్కే. ఇక్కడ సివిల్ ఇంజినీరింగ్ చదివి, జెస్విట్ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘంలో చేరి, ఇండియా వచ్చి హిందీ నేర్చుకుని, అలహాబాద్ యూనివర్సిటీలో రామకథ మీద డాక్టరేట్ చేశారు. 1974లో పద్మభూషణ్ ఇచ్చారు. సివిల్ ఇంజినీరు రామాయణంలో స్థిరపడ్డాడంటే, మెటీరియల్స్ నుంచి సాఫ్ట్‌వేర్‌కి పోయిన నా క్లాస్‌మేట్లు నాకు వింతగా అనిపించడం మానేశారు.

సెమిస్టర్ మాత్రం మోసపూరితంగా సుఖంగా గడిచింది. వారానికి కొన్ని లెక్చర్లు, కొన్ని ఎక్సర్‌సైజ్ సెషన్లు, అప్పుడప్పుడు ల్యాబ్. స్లైడ్లు టొలేడో అనే పోర్టల్లో పెడతారు. క్లాసుకి రాకపోయినా ఎవరూ అడగరు. ఇంత ఖాళీ ఎందుకుందో క్రెడిట్ల లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. ఆరు క్రెడిట్ల సబ్జెక్టుకి దగ్గర దగ్గర 150 నుంచి 180 గంటలు. అందులో క్లాసులో గడిచేది చిన్న భాగమే, మిగతాది మనం కూర్చుని చేసుకోవాలి. ఈ ముక్క మొదటి రోజే పెద్ద అక్షరాలతో చెప్పాలి. హ్యాండ్‌బుక్ లోపల ఎక్కడో ఉంటుంది.

పీహెచ్‌డీ చేస్తున్న ఒక తెలుగక్కని అడిగాను. "పాత పేపర్లు ఉన్నాయా అక్కా?"

"ఉన్నాయమ్మా, విద్యార్థి సంఘాల దగ్గర దొరుకుతాయి. కానీ వాటిలో మొదటి ప్రశ్నే ఉంటుంది. నీకు మార్కులు వచ్చేది రెండో ప్రశ్నకి. అది నువ్వు చెప్పిన జవాబులోంచే పుడుతుంది."

అప్పటికి ఈ మాట సగమే అర్థమైంది.

డిసెంబరు చివర క్లాసులు అయిపోయాక "బ్లోక్" మొదలవుతుంది. పరీక్షల ముందు చదువుకోవడానికి వదిలేసే కాలానికి ఇక్కడి పేరు అది. క్రిస్మస్ సెలవులు కూడా అందులోనే కలిసిపోతాయి. మొన్నటిదాకా అర్ధరాత్రి వరకు పాటలతో మోగిన ఊరు ఒక్కసారిగా మూగబోతుంది. లైబ్రరీల్లో సీటు దొరకాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఫ్లాండర్స్‌లో, అంటే ఈ ఫ్లెమిష్ ప్రాంతంలో, కొన్ని మఠాలు ఈ రోజుల్లో విద్యార్థులకి గదులిస్తాయి. సన్యాసులతో పాటు భోంచేసి, నిశ్శబ్దంలో చదువుకోవచ్చు. మా క్లాస్‌లో ఒక ఫ్లెమిష్ అబ్బాయి అలా వెళ్ళాడు. దేవుడి మీద నమ్మకం లేనివాడే, ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదని వెళ్ళాడు!

నేను ఆరెన్‌బర్గ్ క్యాంపస్ లైబ్రరీలో కూర్చునేదాన్ని. అది కూడా పాత మఠమే. సెలెస్టీన్ సన్యాసులు ఉన్న భవనాన్ని స్పెయిన్ ఆర్కిటెక్ట్ రఫాయెల్ మొనెయో 2002లో లైబ్రరీగా మలిచాడు. ఆ రోజుల్లో సూర్యుడు ఎనిమిదిన్నర దాటితేగాని రాడు, సాయంత్రం ఐదు కాకముందే వెళ్ళిపోతాడు. చీకట్లో వచ్చి చీకట్లో వెళ్ళడమే. మొదట్లో చాలా దిగులేసింది. దానికి మందు అక్కడివాళ్ళే కనిపెట్టి పెట్టుకున్నారు. గంటన్నరకోసారి అందరూ ఒకేసారి లేచి, కాఫీ మెషిన్ దగ్గర చేరి, పావుగంట పరీక్షల గురించి తప్ప అన్నీ మాట్లాడుకుని మళ్ళీ లోపలికి వెళతారు. మధ్యాహ్నం ఆల్మా క్యాంటీన్‌లో భోజనం. రుచి గురించి అడగకండి, కడుపు నిండుతుంది.

చదివే పద్ధతి మార్చుకోవడమే అసలు కష్టమైంది. నాకు జవాబులు రాసి చూసుకోవడం అలవాటు. ఓరల్‌కి అది పనికిరాదు. కాగితం మీద చక్కగా కనిపించిన పేరా నోటితో చెప్పబోతే రెండో వాక్యం దగ్గరే ఆగిపోయేది. అప్పుడు ముగ్గురం కలిశాం: నేను, ఇరాన్ నుంచి వచ్చిన అమ్మాయి, ఊరు వదిలి వెళ్ళని ఫ్లెమిష్ అబ్బాయి ఒకడు. గ్రూప్ రూమ్ తీసుకుని ఒకరు బోర్డు దగ్గర నిలబడాలి, స్లైడ్ చూడకూడదు, ఒక విషయం వివరించాలి. మిగతా ఇద్దరి పనీ "ఎందుకు?" అంటూ ఉండటమే. మూడో "ఎందుకు" దగ్గర దాదాపు ఎవరైనా చేతులెత్తేస్తారు. ఆ చోటే పుస్తకం తీయాల్సిన చోటు. ఈ గ్రూపులో ఆ ఫ్లెమిష్ అబ్బాయి "తెలీదు" అని ఎంత తేలిగ్గా అనేవాడో! మనకి ఆ మాట గొంతులోంచి రాదు. ఏదో ఒకటి చెప్పి పేజీ నింపాలనే శిక్షణ చిన్నప్పటి నుంచి ఉంది.

నా మొదటి ఓరల్ సరిగ్గా భోగి రోజున పడింది. ఇంట్లో వాళ్ళు మంటల వీడియో పంపారు, చూడకుండా ఫోన్ ఆపేశాను.

పద్ధతి ఇలా ఉంటుంది. మన వంతు రాగానే గదిలోకి వెళ్తే ప్రశ్నలున్న కాగితం ఇస్తారు. పక్కన కూర్చుని కాసేపు రఫ్‌గా రాసుకోవచ్చు. ఈలోగా మన ముందున్న విద్యార్థి ప్రొఫెసర్‌తో మాట్లాడుతూ ఉంటాడు. వినకూడదనుకున్నా చెవిన పడుతూనే ఉంటుంది. అతను నవ్వితే మనకి ధైర్యం, తడబడితే మనకి చెమట. కొందరు బెల్జియం పిల్లలు ఓరల్‌కి కోటు వేసుకుని వస్తారు. నేను మామూలు స్వెటర్‌తోనే వెళ్ళాను, ఎవరికీ పట్టలేదు.

నాకు వచ్చిన ప్రశ్న తేలికైనదే. లోహంలో గ్రెయిన్లు, అంటే లోపలుండే చిన్న చిన్న స్ఫటికాలు, ఇంకా చిన్నవయ్యేకొద్దీ బలం ఎందుకు పెరుగుతుంది? హాల్-పెచ్ సూత్రం. గ్రెయిన్ సైజు వర్గమూలానికి విలోమంగా బలం పెరుగుతుంది. రాసుకున్నాను, గ్రాఫ్ గీశాను, వెళ్ళి చెప్పాను. ప్రొఫెసర్ తలూపారు.

"బాగుంది. కానీ గ్రెయిన్ బౌండరీ దగ్గర ఏం జరుగుతోందో సూత్రం లేకుండా చెప్పండి."

రెడ్ సిగ్నల్ దగ్గర బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగినట్టు డిస్‌లొకేషన్లు (స్ఫటికంలో కదులుతూ లోహాన్ని వంచే లోపాలు) బౌండరీ దగ్గర పోగుపడతాయని చెప్పాను. గ్రెయిన్ పెద్దదైతే పొడవాటి వరస, ముందున్నదాని మీద ఎక్కువ ఒత్తిడి, కాబట్టి పక్క గ్రెయిన్‌లోకి తొందరగా దూసుకుపోతుంది. చిన్నదైతే వరస పొట్టి, కాబట్టి బయటి నుంచి ఎక్కువ బలం వేయాలి.

"అయితే గ్రెయిన్‌ని చిన్నది చేస్తూ పోతే బలం అలా పెరుగుతూనే ఉంటుందా?"

ఇదే అక్క చెప్పిన రెండో ప్రశ్న. దీని మీద స్లైడ్ ఉన్నట్టు గుర్తు లేదు. పెన్ను తీసుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టాను. గ్రెయిన్ ఇంకా చిన్నదైతే అందులో వరస కట్టడానికే చోటుండదు అన్నాను. "ఊఁ, అప్పుడు?" అన్నారు. అప్పుడు లోహంలో బౌండరీల వాటా ఎక్కువవుతుంది. "బౌండరీలో పరమాణువులు ఎలా ఉంటాయి?" క్రమంగా ఉండవు, వదులుగా ఉంటాయి. "అయితే?" అక్కడే జారవచ్చు. గ్రెయిన్లే ఒకదాని మీద ఒకటి జారితే బలం తగ్గాలి కదా?

"తగ్గుతుంది. సుమారుగా ఏ సైజు దగ్గర?"

"తెలీదు" అన్నాను. ఆ మాట బయటికి వచ్చినందుకు నాకే విచిత్రంగా అనిపించింది. పది, ఇరవై నానోమీటర్ల దగ్గరని ఆయనే చెప్పి, దాన్ని ఎందుకు కొలవడం కష్టమో వివరించారు. పరీక్షలో ఉన్నానన్న సంగతి కాసేపు మర్చిపోయి నేను కూడా ఎదురు ప్రశ్న వేశాను. ఆయన జవాబు చెప్పారు! బయటికి వచ్చాక కాళ్ళు వణికాయి గానీ లోపల ఉన్నంతసేపూ బాగానే ఉంది.

మిగతా పరీక్షల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రాతపరీక్షలు మనకి తెలిసినట్టే ఉన్నాయి. జ్వరం వస్తే, రెండు పరీక్షలు ఒకే రోజు పడితే మాట్లాడటానికి ఆంబుడ్స్ అని ఒక మనిషి ఉంటారు. మెయిల్ పెడితే మర్యాదగా జవాబిస్తారు. కొత్తవాళ్ళు ఆ పేరు ముందే రాసి పెట్టుకోవడం మంచిది.

ఫలితాలు ఫిబ్రవరిలో వచ్చాయి. ఇక్కడ మార్కులు ఇరవైకి, పది వస్తే పాస్, తప్పితే ఆగస్టు-సెప్టెంబరులో మళ్ళీ ఒక అవకాశం. ఆ ఓరల్‌లో నాకు 14 వచ్చింది. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

"ఇరవైకి పద్నాలుగా? డెబ్బై శాతమేనా అమ్మా?" అన్నారు, నన్ను ఓదార్చే గొంతుతో.

మొత్తం మీద 68 శాతం దాటితే డిగ్రీ మీద కుమ్ లౌదె అని లాటిన్‌లో మెచ్చుకోలు రాస్తారని, 85 దాటినవాళ్ళు అరుదని, ఇరవైకి ఇరవై ఇచ్చే ప్రొఫెసర్‌ని నేనింకా చూడలేదని చెప్పాను. నమ్మినట్టే ఊ కొట్టారు. బంధువులకి మాత్రం "ఫస్ట్ క్లాస్" అని చెప్పుకున్నారట.

ఫలితాల తరువాత ఫీడ్‌బ్యాక్ కోసం వెళ్ళవచ్చు. అడగడం మొహమాటమని చాలామంది మనవాళ్ళు వెళ్ళరు. నేను వెళ్ళాను. ప్రొఫెసర్ దగ్గర నా రఫ్ కాగితం అలాగే ఉంది, పక్కన పెన్సిల్‌తో ఆయన నోట్స్. మార్కులు తగ్గింది "తెలీదు" అన్నచోట కాదు. మొదట్లో గ్రాఫ్ గీసి దాని గురించి ఒక్క మాటా చెప్పకుండా దాటేశాను, అక్కడ తగ్గింది.

రెండో సెమిస్టర్‌కి ఒక ఆప్షనల్ సబ్జెక్టు ఎంచుకోవాల్సి వచ్చింది. ఒకదానికి రాతపరీక్ష, ఇంకోదానికి ఓరల్. ఓరల్ ఉన్నదే పెట్టుకున్నానని చెబితే అక్క నవ్వి, "జూన్‌లో ఎండ కాస్తూ ఊరంతా పార్కుల్లో పడుకుని ఉంటే, నువ్వు బోర్డు దగ్గర నిలబడి మాట్లాడుకుంటూ ఉంటావు, చూస్తా" అంది.