జాయింట్‌లో రింగులు

మా ఎంటెక్ ప్రాజెక్టు ఏంటో ఇంట్లో చెప్పడం ఒక పెద్ద పరీక్ష. సిమెంటు లేని కాంక్రీటుతో బీమూ కాలమూ కలిసే జాయింట్ పోసి, భూకంపం వస్తే ఎట్లా ఊగుతుందో అట్లా ఊపి పగలగొడతాం అని చెబితే మా పెద్దబాపు, "ఇరగ్గొట్టేటందుకు కూడా పైసలిస్తరార్రా?" అన్నాడు. స్టైపెండ్ వస్తుందని ఒప్పుకోక తప్పలేదు.

ఆ సిమెంటు లేని కాంక్రీటే జియోపాలిమర్. అదంటే ఆ రోజుల్లో మాకు బూడిద, సోడా, జిగురు. రామగుండం థర్మల్ బూడిద బస్తాల్లో వచ్చేది. అందులో స్లాగ్ (ఇనుము ఫ్యాక్టరీల్లో మిగిలే చిట్టెం పొడి) కలిపి, సోడియం హైడ్రాక్సైడ్ అనే కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ ద్రావణాలు పోసేవాళ్లం. 8 మోలార్ అంటే లీటరు ద్రావణంలో 320 గ్రాముల సోడా. నీళ్లలో పడగానే బకెట్ కాలిపోతుంది కాబట్టి ముందురోజే కలిపి చల్లారబెట్టాలి. వట్టి బూడిదతో చేస్తే 60 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఉంచాలి. క్యూబులైతే ఓవెన్‌లో పడతాయి, మనిషెత్తు కాలమ్ ఎక్కడ పడుతుంది? అందుకే స్లాగ్, అది కలిపితే ఓవెన్ లేకుండానే గట్టిపడుతుంది. అది కాస్త ఎక్కువైతే మే నెల ఎండకు మిక్సర్‌లోనే బెల్లం పాకంలా తీగ సాగి, చూస్తుండగానే బిగిసిపోయేది. నీళ్లు కొట్టే పని మాత్రం లేదు.

అసలు విషయం కాంక్రీటు కాదు, రింగులు, అంటే కాలమ్ రాడ్ల చుట్టూ కట్టే సన్నని ఇనుప చట్రాలు. 2001లో భుజ్ భూకంపం తర్వాత మన దగ్గర అందరూ జాయింట్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. భవనం ఊగినప్పుడు జాయింట్‌కు ఒక పక్క రాడ్లు లాగుతాయి, ఇంకో పక్క నెడతాయి, మరుక్షణం అది తారుమారవుతుంది. లోపల రింగులు లేకపోతే జాయింట్ మీద ఇంటూ గుర్తులా పగుళ్లు పడతాయి. రింగు కొక్కెం 90 డిగ్రీలకే వంచితే పైకాంక్రీటు రాలగానే విచ్చుకుంటుంది. 135 డిగ్రీలు వంచి, కొస లోపలి కాంక్రీటులోకి పోవాలి. భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 13920 చెప్పేది అదే. అదే కోడ్ 2016 కూర్పు, జాయింట్ దగ్గర కాలమ్‌ల బలం బీముల బలానికి కనీసం 1.4 రెట్లు ఉండాలంటుంది. విరిగేదేదో ముందు బీము విరగాలి, కాలమ్ నిలబడాలి.

ఇదంతా పుస్తకంలో ఒక పేజీ. చేతితో చేస్తే వేరే కథ. బీము రాడ్లన్నీ అల్లేశాక ఆ సందులో రింగు దూర్చడం ఎవరి వల్లా కాదు. మా రాడ్‌బెండింగ్ మేస్త్రీ ఒకసారి చూసి, "గా సందుల రింగులు ఎవ్వరెయ్యరు సార్, మీరే ఏపిస్తున్నరు" అన్నాడు. అన్నాడే గానీ, దారి చూపించిందీ ఆయనే. రింగులన్నీ ముందే కాలమ్ రాడ్లకు తొడిగి కిందికి జార్చి ఉంచాడు. బీము రాడ్లు ఒక్కొక్కటే దూరుస్తూ, రింగులను ఒక్కొక్కటే పైకి జరిపి బైండింగ్ వైరుతో కట్టాడు. మా థీసిస్‌లో ఇంతకన్నా పనికొచ్చే పేరా లేదు.

పరీక్ష రోజు సున్నం కొట్టిన జాయింట్, బీము కొసన జాక్, చేతిలో మార్కర్. పైకీ కిందికీ ప్రతిసారీ కొంచెం ఎక్కువ నెట్టాలి, పగులు కనబడగానే గీసి పక్కన లోడు రాయాలి. రింగులు దగ్గరగా ఉన్నచోట బీము కాలమ్ ముఖం దగ్గర విరిగింది, జాయింట్‌లో వెంట్రుక పగుళ్లే. లోడుకూ కదలికకూ గీసిన గ్రాఫులో వలయాలు లావుగా వచ్చాయి, అంటే శక్తిని బాగా మింగింది. రింగులు లేనిదానికి వలయం నడుము నొక్కేసినట్టు సన్నబడింది. మామూలు సిమెంటు జాయింట్‌కూ బూడిద జాయింట్‌కూ తేడా మేం అనుకున్నంత లేదు. మొదట్లో బూడిదది కొంచెం ఎక్కువ వంగింది, ఎందుకంటే అంతే బలమున్న సిమెంటు కాంక్రీటు కన్నా దాని బిగువు సాధారణంగా తక్కువ.

2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కదిలింది. మా గ్రూపులో ఫోటోలే ఫోటోలు. చాలావరకు గోడకూ బీముకూ మధ్య ప్లాస్టరింగ్ పగుళ్లు, భయపడాల్సినవి కావు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చిందని చెబితే మన గోదావరి లోయలోనా అని ఆశ్చర్యపోయారు. కాస్త తీరిక దొరికి హనుమకొండలో మా బావ కట్టిస్తున్న ఇల్లు చూడబోతే, స్లాబ్‌కు సెంట్రింగ్ అయిపోయింది, జాయింట్‌లలో ఒక్క రింగూ లేదు. డ్రాయింగ్‌లో ఉన్నాయి. "సందు లేదు సార్" అన్నాడు కాంట్రాక్టర్. మేస్త్రీ పద్ధతి చెప్పి బీము రాడ్లు విప్పించాను. స్లాబ్ వాయిదా పడింది, ఆ కాంట్రాక్టర్ నాతో ఇంకా మాట్లాడటం లేదు.