అమ్మ మోకాళ్లు తేల్చేశాయి

ఏ కారు కొనాలా అని రెండు నెలలుగా ఇంట్లో ఒకటే చర్చ. మెర్సిడెస్ జీఎల్‌సీనా, వోల్వో ఎక్స్‌సీ60నా? పొడవులో రెండూ ఇంచుమించు ఒకటే, 4.7 మీటర్లు. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఏది పెట్టినా పక్కింటి ఆయన మొహం మాడుతుంది.

నా మనసు మాత్రం జీఎల్‌సీ 220డీ మీదే. డీజిల్, 440 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం. వారం వారం కరీంనగర్ వెళ్లొచ్చే నాకు అంతకంటే ఏం కావాలి? వోల్వోలో డీజిల్ ఆశే లేదు, 2024లో ప్రపంచమంతటా ఆపేశారు.

టెస్ట్ డ్రైవ్‌లో నా పరువు పోయింది. మెర్సిడెస్‌లో గేర్ కాడ స్టీరింగ్‌కి కుడివైపు ఉంటుంది. పదేళ్లుగా కుడిచేత్తో ఇండికేటర్ వేసే అలవాటు కదా, గచ్చిబౌలిలో మలుపు దగ్గర ఇండికేటర్ అనుకుని న్యూట్రల్‌లో వేశాను. ఇంజిన్ ఊరికే అరుస్తోంది, వెనక హారన్లు. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, నాతో సంబంధం లేనట్టు.

మర్నాడు వోల్వోకి అమ్మని తీసుకెళ్లాం. దానికి ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగుల బదులు గాలి తిత్తులు. ఆపాక, ఎక్కడానికి వీలుగా కారు కాస్త కిందికి దిగుతుంది. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుని, "ఇది ఒంటె లెక్క కూసుంటున్నది కదరా!" అంది. ఇక నేను టార్క్ లెక్కలు చెబితే ఎవరు వింటారు?

సోమవారం బుకింగ్ డబ్బులు కడుతున్నా. పెట్రోల్ బంకులో డీజిల్ పంపు వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నా.