చెవి కింద గడ్డకు రెండు సూది పరీక్షలు

ఎడమ చెవి తమ్మె కింద ఉసిరికాయంత గడ్డ ఉన్నా, నొప్పి లేదు కదా అని కావలిలో ఏడాది పాటు ఊరుకున్నాను. చివరికి నెల్లూరులో చూపించుకున్నప్పుడు ఈఎన్‌టీ డాక్టరు అది పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలో ఉందని, ముఖ కండరాలను కదిలించే నాడి ఆ గ్రంథిలోంచే వెళ్తుంది కాబట్టి కోసి ముక్క తీయడం కంటే ముందుగా సన్నని సూదితో కణాలు తీసి చూడడం మేలని చెప్పారు. "సూది పెడితే గడ్డ రేగుతుంది, వద్దు నాయనా" అని మా పెద్దమ్మ పట్టుబట్టింది. అంత సన్నని సూది వల్ల కణితి పాకడం చాలా అరుదని డాక్టరు ఆమెకు కూడా ఓపికగా వివరించారు.

మొదటి పరీక్ష ఒక చిన్న ల్యాబులో చేయించాను. కాస్త నీరు మాత్రమే వచ్చింది. "చాలినన్ని కణాలు లేవు" అన్న రిపోర్టును రోగం లేదన్నట్టుగా అర్థం చేసుకుని, ఇంట్లో అందరికీ శుభవార్త చెప్పేశాను. ఆ మాట అక్కడ ఎవరూ విడమరిచి చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. లాలాజల గ్రంథుల సూది పరీక్ష రిపోర్టులకు 2018లో వచ్చిన మిలాన్ పద్ధతిలో ఆరు వర్గాలున్నాయని, నాది నిర్ధారణకు పనికిరాని మొదటి వర్గమని, నీరు మాత్రమే వచ్చే గడ్డల్లో ఒక్కోసారి క్యాన్సర్ కూడా దాగి ఉంటుందని డాక్టరు చెప్పినప్పుడు నా గుండె జారిపోయింది.

రెండోసారి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, గడ్డలో గట్టిగా ఉన్న భాగంలోకే 23 గేజి సూదిని పోనిచ్చి, కొన్ని క్షణాలు ముందుకూ వెనక్కూ ఆడించి తీశారు. మత్తు ఇవ్వలేదు, అయినా ఓర్చుకోగలిగినంత నొప్పే. వచ్చిన కణాలను గాజు స్లైడ్ల మీద పరిచి, కొన్నింటిని గాలికి ఆరబెట్టి, కొన్నింటిని వెంటనే ఆల్కహాల్‌లో ముంచారు. ఒకదానికి అప్పటికప్పుడే రంగు వేసి, కణాలు సరిపడా వచ్చాయని చూసుకున్నాకే నన్ను పంపించారు.

ఈసారి నాలుగో వర్గంలోని నిరపాయకరమైన కణితి, ప్లియోమార్ఫిక్ అడినోమా అని తేలింది. నేను అడగగా పెథాలజీ డాక్టరు మైక్రోస్కోపులో చూపించారు: గీమ్సా రంగులో ముదురు గులాబీగా, విడదీసిన నూలుపోగుల్లాంటి పదార్థం, అందులోకి కలిసిపోతున్న కణాలు. గడ్డ పొర చెక్కుచెదరకుండా ఉందో లేదో సూది చెప్పలేదని, తుది మాట ఆపరేషన్ తర్వాతి బయాప్సీదేనని కూడా ఆమె అన్నారు. అలాగే వదిలేస్తే ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారే అవకాశం ఉందనీ, గడ్డను మాత్రమే ఒలిచి తీస్తే మళ్ళీ రావచ్చనీ, చుట్టూ ఉన్న గ్రంథి భాగంతో సహా తీశారు.

బయాప్సీలోనూ అదే పేరు వచ్చింది. ముఖ నాడికి దెబ్బ తగల్లేదు: ఎడమ కన్ను పూర్తిగా మూతపడుతోంది, మూతి వంకర పోలేదు.