ముందు శిథిలాలు, తర్వాతే నీళ్లు: చిచెన్ ఇట్జాకు ఒక్కరోజు

మెక్సికోలోని కాన్‌కున్ నుంచి చిచెన్ ఇట్జా అనే పాత మాయా నగరపు శిథిలాలు, ఒక సెనోటే (నేల కూలి ఏర్పడిన సహజమైన నీటి గుండం), వాయదోలిద్ పట్టణం కలిపి ఒక్కరోజులో తిప్పుకొచ్చే టూర్లు లెక్కలేనన్ని. కరపత్రాల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అసలు తేడా ఆగే చోట్ల వరసలో ఉంటుంది. కొన్ని బస్సులు ముందు బొమ్మల దుకాణం దగ్గర, తర్వాత సెనోటే దగ్గర, ఆపైన భోజనానికి ఆపి, ఒంటిగంట దాటాక గానీ శిథిలాల దగ్గర దింపవు. అప్పటికి ఎండ నడినెత్తి మీద ఉంటుంది. పెద్ద పిరమిడ్ ముందున్న మైదానంలో నిలబడడానికి నీడ ఉండదు. నీళ్లలో దొరికిన చల్లదనమంతా పది నిమిషాల్లో చెమటైపోతుంది. అందుకే డబ్బు కట్టేముందు ఒక ప్రశ్న వేయండి: చిచెన్ ఇట్జా గేటు దగ్గర ఎన్నింటికి దింపుతారు? తొమ్మిదిలోపు అంటే తీసుకోండి, పదకొండు దాటుతుందంటే ఇంకొకటి చూసుకోండి. మేం వెళ్లింది ముందు శిథిలాలు, తర్వాత సెనోటే, భోజనం, చివర్లో పట్టణం అనే వరసలో నడిచే చిన్న వ్యాన్‌లో. ఆ వరసలోనే రాస్తున్నాం.

గడియారం సంగతి ముందే తెలుసుకోవాలి. కాన్‌కున్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015లో తన సమయాన్ని మార్చుకుంది. చిచెన్ ఇట్జా ఉన్న యుకతాన్ రాష్ట్రం కంటే అక్కడ గంట ముందు నడుస్తుంది. ఏడాదంతా ఇదే తేడా. దూరం సుమారు 200 కిలోమీటర్లు, టోల్ రోడ్డు మీద రెండున్నర గంటలు. కాన్‌కున్‌లో ఆరున్నరకు బయల్దేరితే అక్కడి గడియారంలో ఎనిమిదికి, అంటే సరిగ్గా గేటు తెరిచే వేళకు చేరతారు. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది కాబట్టి రాత్రి విమానం పెట్టుకోవద్దు. సరిహద్దు దాటాక కొన్ని ఫోన్లు సమయం మార్చుకుంటాయి, కొన్ని మార్చుకోవు. గైడ్ 'పదకొండుకు బస్సు దగ్గరుండండి' అంటే ఏ సమయం ప్రకారమో అప్పుడే అడగండి. బస్సు తప్పిపోయేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

పికప్ వేళను బయల్దేరే వేళ అనుకోకూడదు. మిమ్మల్ని ఎక్కించుకున్న బండి ఇంకా నాలుగైదు హోటళ్లు తిరుగుతుంది, ఒక కూడలిలో జనాన్ని భాషల వారీగా వేరే బస్సుల్లోకి మారుస్తుంది. పెద్ద బస్సులో ఇదే గంట తింటుంది. పైగా రెండు భాషల గైడ్ అయితే ప్రతి మాటా స్పానిష్‌లో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి చెబుతాడు, వివరణ సగమైపోతుంది. ఒకే భాష గైడ్ ఉన్న చిన్న బండికి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ధర తక్కువగా కనిపించే టూర్లలో ప్రవేశ రుసుము కలిసి ఉండదు. ఇక్కడ రుసుము రెండు భాగాలు: ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది, రెండోది యుకతాన్ రాష్ట్రానిది. విదేశీయులకు రెండూ కలిపి 600 పెసోలు దాటుతుంది, ఏటా పెరుగుతూనే ఉంటుంది. దీన్నే 'పన్నులు' అనే పేరుతో బస్సులో నగదుగా వసూలు చేస్తారు. డాలర్లలో ఇస్తే మారకం వాళ్లు చెప్పిందే. పెసోలు చేతిలో పెట్టుకోండి. లాకర్, మరుగుదొడ్డి, గైడ్‌కు టిప్పు, అన్నింటికీ చిల్లర కావాలి. డ్రోన్, ట్రైపాడ్ లోపలికి తీసుకెళ్లనివ్వరు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు వారాంతానికి ఇటు రావడం మామూలైంది కాబట్టి ఒక మాట. చెల్లుబాటయ్యే అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉన్న భారతీయులకు మెక్సికో వీసా వేరుగా అక్కర్లేదు. కానీ వీసా స్టాంపు గడువు తీరిపోయి ఐ-797 కాగితం (అమెరికా ఇచ్చే ఆమోద పత్రం) మాత్రమే ఉంటే అది మెక్సికోలోకి రావడానికి పనికిరాదు. టికెట్లు కొనకముందే స్టాంపు మీది తేదీ చూసుకోండి.

టోల్ రోడ్డుకు రెండు పక్కలా పొట్టి అడవి తప్ప ఏమీ కనబడదు. ఒక్క వాగు, ఒక్క నది దాటం. ఈ రోజంతటికీ మూలం అదే. ఉత్తర యుకతాన్ మొత్తం సున్నపురాతి పలక. వాన నీరు పైన పారదు, రాతి పగుళ్లలోంచి లోపలికి ఇంకిపోతుంది. గాలిలోంచి, మట్టిలోంచి కొంచెం ఆమ్లత్వం పట్టిన ఆ నీరు వేల ఏళ్లుగా సున్నపురాయిని కరిగించి నేల కింద గుహలు తొలిచింది. గుహ పైకప్పు కూలిన చోట సెనోటే ఏర్పడుతుంది. నది లేని నేలలో నీళ్లకు దారి అదొక్కటే. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట చిక్షులూబ్ దగ్గర పడిన గ్రహశకలం చేసిన బిలం అంచు వెంట సెనోటేలు అర్ధచంద్రాకారంలో బారులు తీరి ఉంటాయి. చిచెన్ ఇట్జా ఎందుకు ఇక్కడే వెలసిందో ఏ గైడైనా ఈ నేల సంగతితోనే మొదలుపెట్టాలి. పిరమిడ్‌తో మొదలుపెట్టే గైడ్ సగం కథ వదిలేసినట్టే.

లోపలికి అడుగుపెట్టగానే ఎదురయ్యేది ఎల్ కాస్తియో, కుకుల్కాన్ అనే రెక్కల పాము దేవుడి గుడి. తొమ్మిది అంతస్తుల అరుగులు, వాటి మీద 24 మీటర్ల ఎత్తున గర్భగుడి, అది ఇంకో 6 మీటర్లు. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన ఉన్న అరుగుతో కలిపితే 365. 2006 నుంచి ఎక్కనివ్వడం లేదు. ఇప్పుడు మనం చూసేది పై పొర మాత్రమే. 1930ల్లో తవ్వినప్పుడు లోపల ఇంకో పిరమిడ్, దానిలో పచ్చరాళ్లు పొదిగిన ఎర్రటి జాగ్వార్ సింహాసనం బయటపడ్డాయి. 2016లో రాతికి విద్యుత్తు పంపి కొలిచి, ఆ రెండోదాని లోపల పదిమీటర్ల మూడోది ఉందని పరిశోధకులు ప్రకటించారు. అంతకు ఏడాది ముందు అదే పద్ధతిలో పిరమిడ్ అడుగున నీటి గుంట జాడ పట్టారు. గుడిని కట్టింది నీళ్ల మీదే.

ఉత్తరం వైపు మెట్ల అడుగున రెండు పాము తలలుంటాయి. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజుల్లో, అంటే మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో, సాయంత్రపు ఎండ అరుగుల మూలల నుంచి ఆ మెట్ల గోడ మీద వెలుగు త్రికోణాలుగా పడి పాము దిగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ రెండు రోజుల్లో జనం విరగబడతారు. రెండు మూడు రోజులు అటూఇటూగా వెళ్లినా దాదాపు అదే దృశ్యం, తోపులాట మాత్రం ఉండదు. కాకపోతే పొద్దున్నే వెళ్లే టూర్‌కు ఇది దొరకదు, సాయంత్రం అక్కడే ఉండాలి.

అదే మెట్లకు ఎదురుగా కాస్త దూరంలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. తిరిగొచ్చే శబ్దం పక్షి కూతలా కిందికి జారుతుంది. కింది మెట్ల నుంచి ప్రతిధ్వనులు త్వరత్వరగా వస్తాయి, పైకి పోయేకొద్దీ ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య వ్యవధి పెరుగుతుంది, స్వరం దిగుతుంది. కెత్సాల్ పక్షి కూత కోసమే అలా కట్టారని గైడ్లు చెబుతారు. ఆ ఉద్దేశం సంగతి ఎలా ఉన్నా, శబ్దం మాత్రం ఎనిమిదిన్నరకు స్పష్టంగా వినిపిస్తుంది. పది దాటాక నలభై గుంపులు ఒకేసారి చప్పట్లు కొడుతుంటే ఏమీ తేలదు.

పడమర పక్కన బంతాట మైదానం. 168 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. మెసోఅమెరికాలో, అంటే మెక్సికో, మధ్య అమెరికాల పాత నాగరికతల ప్రాంతంలో, ఇంతకంటే పెద్దది లేదు. 8 మీటర్ల గోడల మీద ఆరు మీటర్ల ఎత్తున రాతి వలయాలు. గోడ కింది భాగంలో చెక్కిన బొమ్మల్ని వదిలి అందరూ వలయాలనే ఫొటోలు తీస్తారు. కింద చూడండి: తల తెగిన ఆటగాడి మెడ నుంచి రక్తం పాములై చిమ్ముతూ ఉంటుంది. గెలిచిన జట్టు నాయకుడినే బలిచ్చేవారని చాలామంది గైడ్లు ఖాయంగా చెప్పేస్తారు. రాతి మీద ఉన్నది బలి మాత్రమే, గెలిచినవాడో ఓడినవాడో అక్కడ రాసి లేదు.

గైడ్‌తో గంట, మీ అంతట మీకు గంట: చాలా టూర్ల లెక్క ఇది. ఆ రెండో గంట ఎలా వాడుకుంటారన్నది ముఖ్యం. ముందు ఉత్తరం వైపు తెల్లబాట పట్టండి. సుమారు 300 మీటర్లు, ఆరేడు నిమిషాల నడక. దారికి రెండు వైపులా అంగళ్లు, జాగ్వార్ గాండ్రింపులా మోగే మట్టి ఈలలు ఊదుతూ పిలుస్తుంటారు. కొనదలిస్తే తిరిగివచ్చేటప్పుడు కొనండి. లేకపోతే ఆ బాట చివరికి చేరరు. చివర ఉన్నది పవిత్ర సెనోటే. దాదాపు 60 మీటర్ల అడ్డుకొలత, నిట్టనిలువు గోడలు, ఇరవై మీటర్లకు పైగా కింద చిక్కటి ఆకుపచ్చ నీళ్లు. ఇందులో దిగనివ్వరు. ఊరి తాగునీటికి ష్తోలోక్ అనే ఇంకో సెనోటే ఉండేది. ఇది వాన దేవుడు చాక్‌కు మొక్కులు చెల్లించే చోటు.

1904 నుంచి ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ దీన్ని యంత్రంతో తోడించాడు. బంగారం, పచ్చరాయి, సాంబ్రాణిలాంటి కోపాల్ ముద్దలు, మనుషుల ఎముకలు వచ్చాయి. చాలా వస్తువులు హార్వర్డ్ పీబాడీ మ్యూజియం చేరాయి, కొన్ని తర్వాత మెక్సికోకు తిరిగి వచ్చాయి. కన్యల్ని తోసేవారన్న కథ ఇప్పటికీ ప్రతి గుంపుకీ చెబుతున్నారు. బయటపడ్డ ఎముకల్లో మగవాళ్లవి, చిన్నపిల్లలవి కూడా ఉన్నాయి. ఈ సెనోటేకు దగ్గర్లోనే ఒక నేలమాళిగలో 1967లో దొరికిన పిల్లల ఎముకల జన్యువుల్ని పరీక్షించిన ఫలితాలు 2024లో వచ్చాయి. చూసిన 64 మందీ మగపిల్లలే, వాళ్లలో రెండు జతల కవలలు. ఆ అంచున నిలబడినప్పుడు కథ కంటే ఈ సంగతి తెలిసి ఉండటం వాళ్లకు మనం ఇచ్చే గౌరవం.

సమయం మిగిలితే దక్షిణం వైపు ఎల్ కారకోల్ దాకా వెళ్లండి. గుండ్రటి బురుజు, శుక్రుడు అస్తమించే దిక్కులకు సరిపోయే కిటికీలు. జనం పలచగా ఉంటారు, చెట్ల నీడ ఉంటుంది.

మేం ఈతకు దిగింది ఇక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలోని ఇక్ కిల్‌లో. దిగుడుబావిని ఊహించుకోండి, కాకపోతే అరవై మీటర్ల వెడల్పు, నేల నుంచి నీటిదాకా 26 మీటర్లు, కింద నీటి లోతు ఇంకో నలభై మీటర్ల పైమాటే. రాతిలో తొలిచిన మెట్ల దారిలో దిగాలి, ఎప్పుడూ తడిగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కష్టం. మధ్యలో గోడకు తెరిచిన గవాక్షాల దగ్గర నిలబడి చూసి పైకి వచ్చేసినా వాళ్లకు తృప్తిగానే ఉంటుంది. పైనుంచి తీగలూ వేళ్లూ నీళ్లదాకా వేలాడుతుంటాయి.

దిగేముందు షవర్ తప్పనిసరి. సన్‌స్క్రీన్, దోమల క్రీము, తలనూనె, అన్నీ కడిగేసుకోవాలి. 'పర్యావరణానికి మంచిది' అని సీసా మీద రాసున్నా సరే. మట్టి పొరలో వడకట్టుకునే అవకాశం లేని రాయి ఇది. ఇక్కడ కలిసినది భూగర్భ దారుల్లో ఇంకెక్కడికో పోతుంది, చుట్టుపక్కల ఊళ్లు తాగేదీ ఆ నీళ్లే. ఎండకు క్రీము బదులు పొడవు చేతుల ఈత చొక్కా వేసుకుంటే శిథిలాల దగ్గరా పనికొస్తుంది, నీళ్లలోనూ పనికొస్తుంది.

నీళ్లు దాదాపు 24, 25 డిగ్రీలు. ఎండలోంచి వచ్చి ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుంటుంది. నిచ్చెన పట్టుకుని మెల్లగా దిగండి. నిన్న కాన్‌కున్ సముద్రంలో సులువుగా తేలాం కదా అనుకోవద్దు. ఉప్పునీరు ఎత్తినట్టు మంచినీరు ఎత్తదు, పైగా ఇక్కడ కాలు ఆనే చోటు లేదు. ఈత వచ్చినవాళ్లూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, నడుము పట్టీ బిగించాలి. వదులుగా ఉంటే నీళ్లలో చెవులదాకా లేచి వస్తుంది. జీన్సు, చుడీదారుతో దిగొద్దు. బరువు లాగేస్తుంది, తర్వాత ఏసీ బస్సులో రెండు గంటలు తడిబట్టలతో వణకాలి. పన్నెండు నుంచి రెండు మధ్య పెద్ద బస్సులన్నీ ఒకేసారి వస్తాయి, నిచ్చెన దగ్గర వరస కడతారు. పదకొండున్నరకే చేరగలిగితే చాలా తేడా.

భోజనం సాధారణంగా బఫే. శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. నల్ల చిక్కుడు గింజల ముద్దలో పంది కొవ్వు వేయడం మామూలు. 'కార్నే' వద్దంటే చికెన్ పెట్టేస్తారు. 'సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ మాంతేకా' (మాంసం, చికెన్, పంది కొవ్వు లేకుండా) అని మూడూ చెప్పాలి. నిమ్మ సూప్ చికెన్ మరగించిన నీళ్లతో చేస్తారు. మాంసం తినేవాళ్లు కొచీనితా పిబిల్ వదలొద్దు: జాఫ్రా గింజల ముద్ద, పుల్ల నారింజ రసం పట్టించి అరిటాకులో చుట్టి ఉడికించిన పంది మాంసం. నారింజ రంగు హబనేరో మిరప పచ్చడిని మన గుంటూరు లెక్కలో వేసుకోవద్దు, చెంచా చివర తాకించి చూడండి. మన గుంటూరు మిరప జాతిని ముందుగా సాగు చేసింది మెక్సికోలోనే. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన తీరానికి వచ్చింది ఆ తర్వాతే.

వాయదోలిద్‌లో చాలా టూర్లు నలభై నిమిషాలో గంటో ఆపుతాయి. చౌక్‌లో బండి మీద చేసే మార్కెసీతా తినొచ్చు: గొట్టంలా చుట్టిన కరకరలాడే పల్చటి రేకు, లోపల తురిమిన ఎడామ్ చీజ్. పిండిలో గుడ్డు ఉంటుంది. నలభై నిమిషాలే ఉంటే చౌక్‌కు దగ్గర్లోనే ఉన్న సాసీ సెనోటేను పైనుంచి చూసి రండి. గంట పైగా ఇస్తే రంగు రంగుల ఇళ్ల వీధిలో నడిచి, 16వ శతాబ్దంలో కట్టిన సాన్ బెర్నర్దినో మఠం చేరండి. దాని పెరట్లో గుమ్మటం కింద ఒక నుయ్యి ఉంటుంది. కింద ఉన్నది సెనోటేయే. మఠం గోడలు లేపకముందు స్పెయిన్ సన్యాసులు కూడా ముందు నీళ్లెక్కడున్నాయో చూసుకున్నారు.