అంగారకుడి చాటున ఐదు నౌకలు

"మీ దేశంలో ఎంతోమందికి మరుగుదొడ్లే లేవంటారు కదా, అంగారకుడి దగ్గర మీకేం పని?"

2014 అక్టోబరు 20, సోమవారం తెల్లవారుజామున ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ లోపలి భాగంలో కూనబారబ్రన్ అనే చిన్న ఊరుంది. అక్కడి వృద్ధాశ్రమంలో నాది రాత్రి డ్యూటీ. ఊరికి పడమర వారంబంగల్ కొండలు, ఆ కొండల్లో సైడింగ్ స్ప్రింగ్ వేధశాల ఉన్నాయి. ఆ వేధశాల పేరే పెట్టుకున్న తోకచుక్క సరిగ్గా ఆ వేళకు అంగారకుడి పక్కనుంచి దూసుకుపోతోంది. మాకు అయిదున్నర కావస్తోంది. ఇండియాలో ఇంకా ఆదివారమే, అర్ధరాత్రికి కొద్ది నిమిషాల ముందు. ఆయనకు నిద్ర పట్టక లేచి కూర్చుంటే టీ తెచ్చి ఇచ్చాను. మాటల్లో మాటగా, మా నౌక మంగళయాన్ కూడా ఇప్పుడు అక్కడే ఉందని సంబరంగా చెప్పాను. దానికి వచ్చిన జవాబు అది.

ఆయన గొంతులో విషం లేదు. ఉండి ఉంటే తేలిగ్గా తీసిపారేసేదాన్ని. గోధుమలు పండించి బతికిన మనిషి. అప్పు చేయకుండా, ఉన్నంతలో ఇల్లు నడిపినవాడు. ఇల్లు కారుతుంటే ముందు కప్పు వేయించాలి కదా అన్నంత మామూలుగా అడిగాడు. ఆశ్రమవాసులతో వాదించకూడదని మాకు నియమం. దుప్పటి సర్ది, కప్పు తీసుకుని బయటికి వచ్చేశాను. ప్రశ్న మాత్రం నాతోనే వచ్చింది.

నన్ను ఎక్కువగా వేధించింది ఏమిటంటే, ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మా మేనమామ నాతో కొన్నేళ్ళు ఇదే మాట వాదించాడు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ ఆయన లెక్కలు మొదలయ్యేవి: ఆ డబ్బుతో ఎన్ని బడులు కట్టవచ్చు, ఎన్ని బోరుబావులు వేయవచ్చు అని. నేను ఎదురు వాదించేదాన్ని, కొన్నిసార్లు ఒప్పుకునేదాన్ని కూడా. ఎప్పుడూ నొచ్చుకోలేదు. మరి అవే మాటలు ఈ గదిలో, ఈ మనిషి నోట వినగానే ముఖమెందుకు వేడెక్కింది? మామయ్య అడిగినప్పుడు ఆ డబ్బు ఆయనది కూడా, ఆ బోరుబావి ఆయన ఊరిది. ఇంటి ఖర్చు గురించి ఇంటివాడు అడిగిన ప్రశ్న అది. ఇక్కడ అడిగిన మనిషికి మన బోరుబావితో పని లేదు. మీ స్థాయి ఇదీ అని గుర్తు చేస్తున్నాడు, అంతే. కనీసం నాకు అలాగే వినిపించింది. పరాయి ఊళ్ళో ఉన్నవాళ్ళ చెవులు కొంచెం ఎక్కువగానే వింటాయేమో. అయినా విన్నది విన్నట్టే బాధపెడుతుంది.

దానికి కొద్ది వారాల ముందే మంగళయాన్ గమ్యం చేరింది. 2013 నవంబరు 5న శ్రీహరికోటలో బయలుదేరి, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో అడుగుపెట్టింది. మొదటి ప్రయత్నంలోనే. అప్పటినుంచీ ఇక్కడ ఎవరు ఈ సంగతి ఎత్తినా రెండు మాటలే. ఒకటి, మీకెందుకు? రెండోది, ఎంత చవకగా చేశారు! రెండోది మెచ్చుకోలు అనుకుని మనవాళ్ళు కూడా దాన్నే తిప్పి చెప్పేవారు. 450 కోట్ల రూపాయలు, కిలోమీటరుకు ఆటో ఛార్జీ కంటే తక్కువ అని. ఆ గొప్ప నాకు ఎన్నడూ నచ్చలేదు. చవకగా దొరికేవాళ్ళం అన్నదే మన సుగుణమైతే ఈ దేశంలో నాకు ఆ పేరు ముందే ఉంది. స్థానికులు రాని రాత్రి డ్యూటీలకు, స్థానికులు ఉండని ఊళ్ళకు మమ్మల్ని పిలిచింది అందుకే. మన ఇంజనీర్లు నౌకను అంతదూరం నడిపి, సరిగ్గా అనుకున్న వేళకు ఇంజను మండించి కక్ష్యలో నిలిపారు. మాట్లాడవలసింది దాని గురించి.

ఆ ఉదయం మన నౌక చేస్తున్న పని చూడండి. తోకచుక్క అంగారకుడికి దాదాపు 1,40,000 కిలోమీటర్ల దూరంలో వెళ్ళింది. మనకూ చంద్రుడికీ ఉన్న దూరంలో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ. భూమికి అంత దగ్గరగా తోకచుక్క వచ్చినట్టు ఎక్కడా నమోదు కాలేదు. 1770లో వచ్చిన లెక్సెల్ తోకచుక్క కూడా 22 లక్షల కిలోమీటర్లకు పైగా దూరంలోనే ఉండిపోయింది. సౌరకుటుంబం అంచున ఉన్న ఊర్ట్ మేఘం నుంచి లక్షల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చిన ఈ మంచు ముద్ద వేగం అంగారకుడితో పోలిస్తే సెకనుకు 56 కిలోమీటర్లు. ఆ వేగంలో అర మిల్లీమీటరు ధూళి రేణువు తగిలినా నౌక దెబ్బతింటుంది. అందుకని అక్కడున్న ఐదు నౌకలూ, అంటే అమెరికావి మూడు, ఐరోపాది ఒకటి, మనది ఒకటి, ముందే కక్ష్యలు సవరించుకున్నాయి. ధూళి దట్టంగా వచ్చేది తోకచుక్క దగ్గరయ్యాక సుమారు గంటన్నరకు, ఒక ఇరవై నిమిషాలపాటు. ఆ ఇరవై నిమిషాలూ అన్నీ అంగారకుడి చాటున ఉండేలా లెక్క కట్టారు. ఆ సర్దుబాటుకు మన నౌక రెండు కిలోల లోపు ఇంధనం ఖర్చు చేసింది. నేను డ్యూటీ దిగే వేళకు ఆ ఐదూ గ్రహం వెనుక ఉన్నాయి. అగ్రరాజ్యానిదని ఒక నౌకను ఆ ధూళి వదిలిపెట్టదు, పేదదేశానిదని ఇంకోదాన్ని వెతికి కొట్టదు. పెద్దాయనకు ఈ ఒక్కమాట చెప్పాలని ఎంత అనిపించిందో!

ఆయన గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. ఈ ఊరి చీకటిని నాకు పరిచయం చేసింది ఆయనే. కొత్తలో ఇక్కడి రాత్రి చూసి భయపడ్డాను. వీధి దీపాలకు పైన మూతలు, వెలుగు నేలమీదికే తప్ప పైకి పోకూడదు. ఊరివాళ్ళు ఎవరి వాకిలి దీపం వాళ్ళు ఆర్పుకుంటారు, కొండమీది టెలిస్కోపుల కోసం. సంధ్యవేళ ఇంట్లో దీపం లేకపోతే తోచని మనలాంటివాళ్ళకు అది మింగుడు పడదు. ఆయన ఒకరాత్రి చక్రాల కుర్చీలో వరండాలోకి తీసుకెళ్ళమని, దక్షిణాకాశంలో మెగలానిక్ మేఘాలు చూపించాడు. అవి రెండు పాలపుంతలని, మా ఊరి నుంచి అలా కనబడవని నాకప్పుడే తెలిసింది. తన పొలం కరెంటు దీపాల కంటే పైనున్న ఆ మసక వెలుగు ముఖ్యమనుకున్న రైతు ఆయన. అలాంటి మనిషి 'ఆకాశంతో మీకేం పని' అన్నందుకే నాకంత బాధ. ఆకాశం అంటే పట్టనివాళ్ళు అని ఉంటే వేరు.

ఆయన ఇల్లు 2013 జనవరి 13న కాలిపోయింది. వారంబంగల్ కొండల్లో పుట్టిన కార్చిచ్చు ఆరోజు యాభైకి పైగా ఇళ్ళను బూడిద చేసింది. వేధశాల మీదుగా కూడా మంటలు పోయాయి. అక్కడి వసతిగృహం పోయింది, టెలిస్కోపులు నిలిచాయి. 2003లో కాన్‌బెర్రా దగ్గర మౌంట్ స్ట్రోమ్లో వేధశాల ఇలాగే తగలబడిపోయింది. ఆ దెబ్బతో నేర్చుకుని నిప్పురవ్వలు లోపలికి చొరబడకుండా ఇక్కడ చేసుకున్న జాగ్రత్తలు పనిచేశాయి. ఆ మంటలకు పది రోజుల ముందు, జనవరి 3న, అదే కొండమీద ఖగోళశాస్త్రవేత్త రాబర్ట్ మెక్‌నాట్ అర మీటరు టెలిస్కోపుతో ఈ తోకచుక్కను కనిపెట్టాడు. మనదగ్గరైతే, తోకచుక్క కనబడిన పది రోజులకే ఊరు కాలిందంటే ఇక చెప్పేదేముంది! పెద్దాయనకు ఆ ఆలోచనే రాలేదు. టెలిస్కోపుల గుమ్మటాలు దక్కాయి కదా అని మాత్రం అనేవాడు. ఇల్లు పోయినవాడు ఆ మాట అనడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మొదట్లో ఆ తోకచుక్క అంగారకుడిని ఢీకొనదని కూడా ఖాయంగా చెప్పలేకపోయారు. పరిశీలనలు పెరిగేకొద్దీ ఆ భయం పోయింది. అయినా ఢీకొట్టకుండానే అది చేసిన అలజడి తక్కువేమీ కాదు. అంగారకుడి గాలి పీడనం మన గాలి పీడనంలో నూరోవంతు కూడా ఉండదు, ఆ గాలిలో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువు. ఆ పలచటి గాలి కూడా వచ్చిన ధూళిని పైపైనే మండించేసింది. మావెన్ అనే అమెరికా నౌక మనదాని కంటే రెండు మూడు రోజులు ముందుగా అక్కడికి చేరింది. వచ్చిన పనే ఆ గ్రహం పైవాతావరణాన్ని చదవడం. తోకచుక్క వెళ్ళాక చూస్తే ఆ గాలిలో సోడియం, మెగ్నీషియం, ఇనుము వంటి ఎనిమిది రకాల లోహ అయాన్లు, అంటే విద్యుదావేశం పొందిన పరమాణువులు, కనిపించాయి. మెగ్నీషియం, ఇనుము అతినీలలోహిత కాంతిలో వెలుగుతున్నాయి. కాలిన తోకచుక్క ధూళి అది. కొద్ది రోజుల్లో ఆ పొర సన్నగిల్లిపోయింది. ఐరోపా నౌక మార్స్ ఎక్స్‌ప్రెస్ మీది రాడార్ కూడా అయానోస్ఫియర్‌లో, అంటే పైగాలిలో విద్యుదావేశం ఉన్న పొరలో, ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా పెరిగినట్టు గుర్తించింది. ఎక్కడినుంచో ఊడిపడిన ధూళి ఒక గ్రహం గాలిని ఎలా మారుస్తుందో ముందూ వెనుకా కొలిచి చూడటం అంతకుముందు ఎవరికీ దక్కని అవకాశం.

నన్ను ఇంకా ఎక్కువ ఆకట్టుకున్నది అయస్కాంత క్షేత్రం సంగతి. భూమికి ఉన్నట్టు అంగారకుడికి గ్రహమంతా కమ్మే అయస్కాంత కవచం లేదు. చూరు లేని ఇంటి గోడకు వాన కొట్టినట్టు సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం, నేరుగా దాని గాలికి తగులుతుంది. ఆ తాకిడికే పైన ఒక బలహీనమైన అయస్కాంత తొడుగు ఏర్పడుతుంది. తోకచుక్క తల చుట్టూ ఉన్న వాయువు లక్షల కిలోమీటర్లు వ్యాపించి ఉంది. అది అంగారకుడిని తనలోకి తీసుకుని దాటిపోయిందన్నమాట. తోకచుక్క అయస్కాంత క్షేత్రం తాకి గ్రహం తొడుగు చెదిరిపోయింది, గంటలపాటు అక్కడ కల్లోలమే. ఒక కిలోమీటరు వెడల్పు కూడా లేని ముద్ద గ్రహాన్ని ముట్టుకోకుండా ఇంత చేసింది!

ఈ ఫలితాల్లో మన నౌక వాటా చిన్నదే. పరికరాలు తక్కువ, సాగదీసిన కక్ష్యలో గ్రహానికి 70 వేల కిలోమీటర్లకు పైగా దూరం వరకు పోయి వస్తుంది. దాన్ని పంపింది అక్కడికి చేరగలమా, బతికించుకోగలమా అని తేల్చుకోవడానికి. అయితే తోకచుక్క వచ్చిన రోజున చాటుకు తప్పించి తిరిగి తీసుకురావడం ఆ ప్రశ్నకు జవాబే కదా. చాలు అనిపిస్తుంది నాకు. చాలదు అని మామయ్య అంటే ఆయనతో రాత్రంతా వాదిస్తాను.

మీకేం పని అన్న ప్రశ్న ఆ కొండను కూడా వదల్లేదని తర్వాత తెలిసింది. మెక్‌నాట్ పనిచేసిన ఆకాశ గాలింపు కార్యక్రమానికి డబ్బు ఆగిపోయి, అది 2013 జులైలో మూతపడింది. తోకచుక్కను పట్టుకున్న ఏడాదిలోనే. భూమికి దగ్గరగా వచ్చే గ్రహశకలాలను, తోకచుక్కలను దక్షిణార్ధగోళంలో వృత్తిగా గాలిస్తున్నది అప్పటికి అదొక్కటే. అందరికీ బడులు, కుళాయిలు, ఆస్పత్రులు ఉన్న దేశంలో కూడా ఆకాశం చూడటానికి డబ్బు లేదనే మాట వినబడింది. అలాంటప్పుడు అవన్నీ సమకూరాకే ఆకాశం వైపు చూడాలని మనకు ఎవరు చెప్పగలరు? ఈ మాట పెద్దాయనతో అన్నాను. వాదన కాదు, ఆయన కొండ గురించే కదా అని. మూసేశారా అని నిజంగా బాధపడ్డాడు. ఆ దిక్కు ఎవరు కాపలా కాస్తారని నన్నే అడిగాడు. ఎవరూ లేరన్నాను. అప్పటికి అంతే మరి. అట్లాస్ అనే గాలింపు చిలీలో, దక్షిణాఫ్రికాలో టెలిస్కోపులు పెట్టింది 2022లో.

చిలీలోని ఆ టెలిస్కోపే 2025 జులై 1న మరో నక్షత్రలోకం నుంచి వచ్చిన తోకచుక్కను కనిపెట్టింది. 3ఐ/అట్లాస్ అని పేరు. అక్టోబరు 3న అది అంగారకుడికి సుమారు 2 కోట్ల 90 లక్షల కిలోమీటర్ల దూరంలో వెళ్ళింది. గాలిని కదిలించేంత దగ్గర కాదు, కానీ అప్పటికి భూమి నుంచి చూడటం కష్టం కనుక అక్కడున్న నౌకల్లో పలు నౌకలు కెమెరాలు దానివైపు తిప్పాయి. ఏవేవి చూశాయో వెతికి చదివాను. అమెరికావి ఉన్నాయి, ఐరోపావి ఉన్నాయి, చైనా తియాన్‌వెన్-1 ఉంది. మంగళయాన్ 2022లోనే మూగబోయింది, దాని చోటులోకి మనం ఇంకా ఎవరినీ పంపలేదు. ఈసారి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మీకేం పని అని అడగడానికైనా మనం అక్కడ ఉండాలి కదా. ఆ పేర్లలో మనది లేకపోవడం 2014 నాటి ప్రశ్న కంటే ఎక్కువగా బాధించింది, మామయ్యకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను.