బ్లీకర్ వీధి మూల మీద కప్‌కేక్‌ల కొట్టు

న్యూయార్క్ వెళ్లినవాళ్లు టైమ్స్ స్క్వేర్, లిబర్టీ విగ్రహం చూసి తిరిగొచ్చేస్తుంటారు. నన్నడిగితే ఒక పూట వెస్ట్ విలేజ్‌కి, అంటే మన్‌హాటన్‌లో ఉన్న ఒక పాత పేటకి ఉంచుకోమంటాను. ఆ పూటలో కాసేపు బ్లీకర్ వీధి, వెస్ట్ పదకొండో వీధి కలిసే మూల దగ్గర ఆగమంటాను. కప్‌కేకులకి పేరుపడ్డ మాగ్నోలియా బేకరీ మొదలైంది అక్కడే.

అక్కా బావా ఉండేది హడ్సన్ నదికి అవతల, జెర్సీ సిటీలో. అక్కడ పాత్ (PATH) అనే లోకల్ రైలెక్కితే నది కింద సొరంగంలోంచి వచ్చి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దింపుతుంది. మెట్లెక్కి పైకి రాగానే వేరే ఊరికి వచ్చామా అనిపించింది. మన్‌హాటన్‌లో చాలా భాగం 1811 నాటి ప్లాన్ ప్రకారం గళ్లు గీసినట్టు ఉంటుంది. ఈ పేట అంతకు ముందే ఉంది కాబట్టి ఆ గళ్లలో ఇమడలేదు, పాత వీధులు పాత వంకరలతోనే మిగిలాయి. ఇక్కడ నాలుగో వీధి వెళ్లి పదో వీధినీ, పదకొండో వీధినీ దాటుతుంది! నేను మ్యాప్ తీయబోతే "ఫోన్ లోపల పెట్టవే, నేనున్నాగా" అంది అక్క.

ఎడమకి తిరిగి బ్లీకర్ వీధిలో నడిచాం. ఎర్ర ఇటుకల పాత ఇళ్లు, గుమ్మాల ముందు ఎత్తైన మెట్లు, వాటికి నల్లటి ఇనప రెయిలింగులు, వీధి పొడుగునా చెట్లు. ఛార్లెస్ వీధి, పెర్రీ వీధి దాటేసరికి వెన్న, వెనిల్లా కలిసిన వాసన మొదలైంది. బేకరీ కనపడేలోగా దాని ముందున్న లైను కనపడింది.

ఇంత పేరున్న కొట్టు ఇంత చిన్నగా ఉంటుందని ఊహించలేదు. లోపల పదిమంది నిలబడితే ఇక తోసుకోవాల్సిందే. లైన్లో మాలాంటి టూరిస్టులే కాదు, ఆ పేటవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దావిడ కుక్కపిల్లని బయట కట్టేసి వచ్చారు. కౌంటర్ అమ్మాయి ఆవిడని చూడగానే ఏం కావాలని అడక్కుండానే పెట్టె మడవడం మొదలుపెట్టింది. నాకు ఆ కొట్టు మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

మా వంతు వచ్చేదాకా నేను చూసింది మాత్రం ఐసింగ్ వేసే కుర్రాణ్ణి. ఎదురుగా ట్రే నిండా బోడి కప్‌కేకులు. పక్కన గిన్నెల్లో లేత గులాబి, లేత ఆకుపచ్చ, లేత పసుపు రంగుల బటర్‌క్రీమ్. మెషీనూ లేదు, క్రీమ్ పిండే పైపింగ్ బ్యాగూ లేదు, చేతిలో చిన్న స్పాచులా ఒక్కటే. దాంతో ఒక ముద్ద క్రీమ్ తీసి కేకు నెత్తిన పెడతాడు. ఎడమచేత్తో కేకుని తిప్పుతూ ఆ ముద్దని అంచులదాకా పరిచి, పక్కలు నున్నగా సర్దుతాడు. తర్వాత స్పాచులా కొనని మధ్యలో కాస్త నొక్కి, మళ్లీ ఒక చుట్టు తిప్పి, చివర్లో విదిలించినట్టు పైకి లేపుతాడు. నడుమ చిన్న గుంట, దాని చుట్టూ సుడి, కొసన ఒక కొంటె వంపు. ముగ్గు వేసే చెయ్యిలాగే ఆ చెయ్యీ ఎక్కడా ఆగి ఆలోచించలేదు. ఏ రెండు కేకుల సుడీ అచ్చు ఒకేలా లేదు, అయినా అన్నీ ఒక ఇంటి పిల్లలని తెలిసిపోతోంది. మాగ్నోలియా కప్‌కేక్‌ని ఎక్కడున్నా గుర్తుపట్టేది ఆ సుడిని బట్టే.

ఈ బేకరీని 1996లో జెనిఫర్ ఆపెల్, అలీసా టోరీ అనే ఇద్దరు స్నేహితురాళ్లు పెట్టారు. ఇంట్లో చేసుకునే రకం కేకులు, పైలు (pies) అమ్మడం వాళ్ల ఉద్దేశం. పెద్ద కేకులకి కలిపిన పిండి మిగిలిపోతే, దాన్ని వృథా చేయకుండా కప్‌కేకులు చేశారట. చివరికి కొట్టుకి పేరు తెచ్చింది ఆ మిగులు పిండే. 2000లో ఒక టీవీ సీరియల్‌లో ఇద్దరు స్నేహితురాళ్లు ఈ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని కప్‌కేకులు తిన్నారు. అంతే, లైను వీధి మలుపు తిరిగింది. ఆ తర్వాతే అమెరికాలో ఊరూరా కప్‌కేక్ కొట్లు వెలిశాయి. ఆ వేలం వెర్రి తగ్గాక చాలా వాటికి తాళాలు పడ్డాయి. ఇది నిలబడింది.

ఎందుకు నిలబడిందో తింటే తెలిసింది. మేం వెనిల్లా ఒకటి, చాక్లెట్ ఒకటి తీసుకుని ఎదురుగా ఉన్న బ్లీకర్ ప్లేగ్రౌండ్ దగ్గర కూర్చున్నాం. కాగితం ఒలవగానే కేకు అంచు గోధుమ రంగులో, లోపల మెత్తగా, కాస్త పొడిపొడిగా ఉంది. వెన్న, గుడ్లు, పాలు, వెనిల్లా, అన్నీ తెలిసిన రుచులే. ఏ హంగూ లేదు. నాకు నచ్చింది అదే. పైనున్న బటర్‌క్రీమ్ మాత్రం బాగా తీపి. పంచదార పొడి, వెన్న కలిపి గిలక్కొట్టేది కాబట్టి తీపి తప్పదు. క్రీమునీ కేకునీ కలిపి ఒకే ముక్కలో కొరకాలి, విడివిడిగా తింటే దేని రుచీ సరిగ్గా తెలియదు. నాకు చాక్లెట్ కంటే వెనిల్లాయే నచ్చింది. అక్క ఒప్పుకోలేదు.

ఇంకో మాట. కప్‌కేకుల కోసం వెళ్లినా సరే, బనానా పుడ్డింగ్ తినకుండా రాకండి. అరటిపండు ముక్కలు, వెనిల్లా బిస్కెట్లు, కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసిన పుడ్డింగ్, గిలక్కొట్టిన క్రీమ్, వీటిని పొరలు పొరలుగా వేసి చల్లబెడతారు. బిస్కెట్ నాని కేకులా మెత్తబడుతుంది. నిజం చెప్పాలంటే, ఆ కొట్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

గుడ్డు తినని పెద్దవాళ్లు వెంట ఉంటే ముందే కౌంటర్‌లో అడగండి, కప్‌కేకుల్లో గుడ్డు ఉంటుంది. పార్సిల్ తెచ్చుకుంటే ఆ రోజే తినేయండి. ఫ్రిజ్‌లో పెడితే బటర్‌క్రీమ్ గట్టిపడుతుంది, కాసేపు బయట ఉంచితే గానీ మెత్తబడదు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో, రాకఫెల్లర్ సెంటర్‌లో కూడా వీళ్ల శాఖలున్నాయి, టైం లేనివాళ్లకి అవీ మంచివే. టైం ఉంటే మాత్రం బ్లీకర్ వీధికే వెళ్లండి. లైను పొడుగ్గా ఉందని వెనక్కి తిరక్కండి, ఐసింగ్ వేసే చోటు కనపడేలా నిలబడితే మీ వంతు ఇట్టే వచ్చేస్తుంది.