జాగా పేరు లేని చలానా

నేను స్పీడు కెమెరాలకి పగవాడినని మా బావ బరంపురమంతా చాటుతున్నాడు. అదేం లేదు. ఆ హైవే మీద లారీల పక్కన స్కూటీ మీద పోయే మా అమ్మాయిని తలుచుకుంటే కెమెరా ఉండాల్సిందే అంటాను. నా గొడవంతా చలానాతోనే.

మొన్న ఆదివారం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. వెయ్యి రూపాయలు. లింకు తెరిస్తే నా ఆల్టో ఫోటో, నంబరు ప్లేటు తళతళా మెరుస్తూ. స్పీడు 87. టైము పొద్దున్న 6:12. జాగా దగ్గర మాత్రం ‘ఎన్‌హెచ్ 16’ అని రాసి ఊరుకున్నారు. ఆ రోడ్డు కోల్‌కతా దగ్గర మొదలై చెన్నై దాకా పోతుంది మహాప్రభో!

“ఇంతకీ అంత స్పీడుగా నడిపారా లేదా, అది చెప్పండి” అంది మా ఆవిడ.

నడిపే ఉంటాను. ఇచ్ఛాపురంలో పెళ్లి, ముహూర్తానికి ఆలస్యమైంది. కానీ అక్కడ లిమిట్ ఎంతో తెలియాలి కదా. 2021లో మోటారు వాహనాల నియమాల్లో 167ఎ అని ఒకటి చేర్చారు. కెమెరా ఉన్నచోట అందరికీ కనబడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. చలానాలో ఫోటో, కొలిచిన స్పీడు, తేదీ, టైముతో పాటు స్థలం కూడా ఉండాలి. నోటీసు గడువులోగా పంపాలి. నాకు గడువులోనే వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఫోటో పెద్దది చేసి చూస్తే వెనక నీలం రంగు పంక్చర్ షాపు కనబడింది. సాయంత్రం బావని ఎక్కించుకుని వెతకడానికి బయల్దేరాను. ముల్లు 50 దాటనివ్వలేదు. వెనక లారీల హారన్లకి చెవులు గింగురుమన్నాయి. ఆంధ్రా సరిహద్దులోని గిరిసోల ఇవతల దొరికింది షాపు.

స్పీడు లిమిట్ బోర్డూ ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎర్ర అంచు, గుండ్రటిది. ఆ స్తంభానికే ఎవరిదో షష్టిపూర్తి ఫ్లెక్సీ తాళ్లతో బిగించి కట్టారు. పెద్దాయన భుజం మీంచి 6 తోక ఒక్కటే కనిపిస్తోంది. పక్కకి వంగి చూశాను, లిమిటూ అరవయ్యే.

“రెండు నెలలుగా ఇలాగే ఉంది బాబూ” అన్నాడు షాపు కుర్రాడు ఒడియాలో.

నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాను. రేపు అభ్యంతరం పెడతాను. బావ ఈలోగా తాళ్లు కోసేద్దామని బ్లేడు అడిగాడు. వద్దన్నాను. అది కూడా కెమెరాలో పడుతుంది.